మా రాయబారి వెయ్యని ఓటు

మా అన్నయ్య అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ. చదువుతున్నాడు. రెండేళ్ళ చదువు, ఇది మూడో ఏడు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే “లోతుగా చదువుతున్నాను” అంటాడు. ఆ లోతెంతో నాకు తెలియదు గాని, అందులో దిగినవాడు ఇంతవరకూ పైకి తేలలేదు. ప్రపంచంలో ఉన్న దేశాలన్నిటితోనూ వాడికి సంబంధాలున్నాయి. ఇంట్లో ఉన్న ఇద్దరితోనే అంతంతమాత్రం.

నాకంటే రెండేళ్ళు పెద్ద. ఎదురుగా ఉంటే అన్నయ్యా అనే పిలుస్తాను, వెనక మాత్రం వాడు, వీడు అంటాను. అమ్మ కసురుకుంటుంది. కసురుకోనీ. గౌరవం మాటల్లోంచి పోవడానికి కొంచెం ముందే మనసులోంచి పోయింది.

మా బిల్డింగులో వాడిని అందరూ రాయబారి అంటారు. ఆ పేరు పెట్టింది మూడో అంతస్తు నర్సు పిన్ని. లిఫ్టు ముందు ఇద్దరు పిల్లలు బంతి కోసం జుట్టు జుట్టు పట్టుకుంటే, అటుగా వెళుతున్న మావాడిని విడదీయమని పిలిచిందట. వాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఉభయపక్షాలూ సంయమనం పాటించాలని కోరాడు. పక్షాలు పాటించలేదు. ఒకడి పన్ను ఊడి చేతిలోకొచ్చింది. “రాయబారి గారూ, తమరింక దయచేయండి” అని ఆవిడే వెళ్ళి ఇద్దరినీ రెక్కపట్టుకుని లాగింది. అది వెక్కిరింత అని పన్నూడిన పిల్లాడికి కూడా అర్థమైంది. మావాడు మాత్రం ఇంటికొచ్చి, బిల్డింగులో తనకో గుర్తింపు వచ్చిందని అమ్మకు చెప్పాడు. అమ్మ సంబరపడింది. కొడుకు విషయంలో అమ్మ సంబరపడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు.

నాన్న పోయాక అమ్మ, కింది అంతస్తులో ఫ్లాట్ల సంఘానికి ఉన్న గదిలో పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు పొద్దున దింపి సాయంత్రం తీసుకెళతారు. గదికి బోర్డు లేదు, పేరు లేదు. కింద రబ్బరు చాపలు, గోడవారన కటకటాల మంచాలు రెండు, మూలన పాలు వెచ్చబెట్టే కరెంటు స్టవ్వు, కిటికీకి అడ్డంగా కట్టిన తాడు మీద బెత్తెడు బెత్తెడు చొక్కాలు. లోపలికి అడుగుపెడితే ముందు పౌడరు వాసన, ఆ వెనకే ఉచ్చ వాసన. ముగ్గురు ఒక్కసారి ఏడుపు లంకించుకుంటే ఎవరిని ముందు ఎత్తుకోవాలని అమ్మ ఆలోచించదు. చెయ్యి ఎటు వెళితే అటే. ఒకణ్ణి చంకనేసుకుని, ఒకణ్ణి కాళ్ళమీద వేసుకుని, మూడోవాడితో కబుర్లు చెబుతుంది. నా చదువూ వాడి చదువూ ఆ గదిలోంచే వచ్చాయి. నేను ల్యాబ్ కోర్సు ముగించి ఆసుపత్రిలో రక్తం తీసే ఉద్యోగంలో చేరాను. వాడు ఇంకా లోతులోనే ఉన్నాడు.

మేముండే ఫ్లాటు అన్నయ్య పేరు మీద ఉంది. నాన్న మంచంలో ఉండగా రాయించాడు. నాన్నకు కాగితాల విషయంలో కొడుకే గుర్తొచ్చాడు, మందుల విషయంలో భార్య గుర్తొచ్చినట్టు. అమ్మ అడ్డు చెప్పలేదు. నేనప్పుడు స్కూల్లో చదివే ఆడపిల్లని, నన్నడిగే పనే లేదు.

ఇక వాడి చదువు. వాళ్ళ డిపార్టుమెంటులో ప్రతి శుక్రవారం ఉత్తుత్తి భద్రతా మండలి జరుగుతుంది. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క దేశం ఇస్తారు. ముందు ఆ దేశం పేరున్న అట్ట ముక్క పెట్టుకుని, కోటు వేసుకుని, ఒకరినొకరు “గౌరవనీయ ప్రతినిధి” అని పిలుచుకుంటూ సాయంత్రం దాకా తీర్మానాలు చేస్తారు. మావాడి వంతుకు సముద్రం మధ్యలో ఓ చిట్టి దీవి వచ్చింది. దానికి సైన్యం లేదు, రైలు లేదు, చేపలు తప్ప ఇంకేమీ లేవు. ఎవరితో పెట్టుకుంటే ఎవరికి కోపమొస్తుందోనని ఆ దేశం ప్రతి ఓటింగుకూ దూరంగా ఉంటుందట. దానిది భయం. మావాడు దాన్ని తత్వం అనుకున్నాడు. పరిశోధన వ్యాసానికి కూడా అదే అంశం తీసుకున్నాడు: చిన్న దేశాలు, తటస్థత.

అప్పటినుంచి ఇంట్లో మాకు మనిషి కరువై ప్రతినిధి మిగిలాడు. ఫ్యాను తగ్గించమని అమ్మ, పెంచమని నేను అంటుంటే, ఇద్దరి వాదనలోనూ న్యాయముందనేవాడు. ఫ్యాను స్విచ్చు వాడి తల పక్కనే ఉండేది. ఒకసారి అమ్మ పాలు చూడమని చెప్పి స్నానానికి వెళ్ళింది. పాలు పొంగాయి. స్టవ్వు ముందు నిలబడి, “అమ్మా, ఇక్కడ పరిస్థితి ఆందోళనకరంగా ఉంది” అని కేకేశాడు తప్ప మంట తగ్గించలేదు. చూడమందిగా, చూశాడు. గోడమీద పిల్లి అంటారు. ఆ పిల్లికి కనీసం ఏదో ఒకవైపు దూకే ఉద్దేశం ఉంటుంది. వీడు గోడమీదే కాపురం పెట్టాడు.

ఇలా వాడు ఏ పనికీ రాకుండా ఉన్నంతకాలం నాకు చిరాకే తప్ప నష్టం లేదు. నష్టం ఆడిటర్ గారి రూపంలో వచ్చింది.

రెండో అంతస్తు ఆడిటర్ గారు రిటైరయ్యాక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఇంట్లో భార్య పోరు పడలేక, సంఘానికి ఏదో ఒకటి చేయాలని నిశ్చయించుకున్నాడు. ఆయనకు టేబుల్ టెన్నిస్ మీద మనసు పడింది. బల్ల వేయడానికి చోటు కావాలి. ఉన్న చోటు అమ్మ గది ఒక్కటే. పైగా అమ్మ దగ్గరుండే పిల్లాడొకడు ఆయన బూటులో ఉచ్చపోశాడు. గుమ్మం ముందు బూట్లు విప్పి తనిఖీకి లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఆ పని జరిగిపోయింది. మర్నాడు లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. సంఘం గదిని నివాసుల వినోదానికి ఖాళీ చేయించే విషయమై ఆదివారం ఓటింగు. ఫ్లాటుకు ఒక ఓటు, అదీ ఫ్లాటు ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. రెండువైపులా సమానంగా వస్తే ఉన్నది ఉన్నట్టే ఉంటుందని సంఘం నియమం.

ఆ వారమంతా అమ్మ ఓట్లు అడిగింది. సాయంత్రం చివరి పిల్లాణ్ణి తల్లికి అప్పగించి పైకొచ్చి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని మళ్ళీ బయల్దేరేది. ఒక్కో తలుపూ కొట్టి, వాళ్ళిచ్చిన టీ తాగి, వాళ్ళ మోకాళ్ళ నొప్పులూ అల్లుళ్ళ బడాయిలూ విని, చివర్లో తన సంగతి చెప్పేది. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ సరే అనని నాలుగో అంతస్తు బ్రహ్మచారి కూడా అమ్మ ముందు ఊఁ అన్నాడు. ఆడిటర్ గారింటికీ వెళ్ళింది. ఆయన ఒప్పుకోలేదు గాని, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడట.

అమ్మ తిరిగొచ్చి ఎవరెవరు ఏమన్నారో సోఫాలో కూలబడి చెబుతుంటే, రాయబారి గారు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వినేవాడు.

“లాబీయింగ్ బాగానే చేస్తున్నావమ్మా. కాకపోతే నీ కూటమి బలహీనంగా ఉంది” అన్నాడొకరోజు.

“నాకేం కూటమిరా, వాళ్ళ పిల్లలు నా చేతుల్లో పెరిగారు” అంది అమ్మ నవ్వుతూ.

నేను మాత్రం వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను. ఉన్నవి పదహారు ఫ్లాట్లు. అటు ఎనిమిది, ఇటు మాతో కలిపి ఎనిమిది. సమానం. గది దక్కుతుంది. ఆ లెక్కలో నాకు అనుమానమున్నది ఒక్క బ్రహ్మచారి మీదే.

“అన్నయ్యా, ఆదివారం ఏ క్లాసూ సెమినారూ పెట్టుకోకు, మీటింగుంది” అన్నాను.

“హాజరు కావడం నా బాధ్యత” అన్నాడు, నేనేదో వాడిని అవమానించినట్టు.

హాజరయ్యాడు. శుక్రవారం కోటు ఆదివారం వేసుకుని మరీ వచ్చాడు. కింద కార్లు పెట్టే చోట ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆడిటర్ గారు లేచి పిల్లల గోల గురించి, మెట్లమీద బిస్కెట్ ముక్కల గురించి, చివరికి గొంతు తగ్గించి బూటు గురించి మాట్లాడాడు. బూటు దగ్గర కొందరు నవ్వారు. తర్వాత అమ్మను మాట్లాడమన్నారు. “అందరూ ఎరిగిన గదే. మీరు ఉండమంటే ఉంటాను” అని అమ్మ కూర్చుంది. దానికంటే ఎక్కువ చెప్పాల్సినదంతా వారమంతా ఇంటింటికీ తిరిగి చెప్పేసింది.

ఖాళీ చేయించాలన్నవాళ్ళు చేతులెత్తారు. ఎనిమిది. వాటిలో ఒకటి ఆడిటర్ గారిదే. తన బల్ల కోసం తన చెయ్యే ఎత్తుకున్నాడు, ఏమాత్రం మొహమాటపడకుండా.

వద్దన్నవాళ్ళు చేతులెత్తారు. బ్రహ్మచారి చెయ్యి లేచింది. నా గుండె కుదుటపడింది. ఆడిటర్ గారు వేలితో చూపిస్తూ లెక్కపెట్టి ఏడు దగ్గర ఆగాడు. మావాడి వైపు చూశాడు.

“బాబూ, నీ చెయ్యి లేవలేదు. చూసుకో.”

మావాడు చెయ్యెత్తలేదు. లేచి నిలబడ్డాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు. జేబులోంచి మడత కాగితం తీశాడు. రాసుకొచ్చాడు, అవును, ముందే రాసుకొచ్చాడు.

“అధ్యక్షా, ఈ వివాదంలో మా ఫ్లాటు స్వయంగా ఒక పక్షం. వివాదంలో ఉన్న పక్షం ఓటు వేయకపోవడం ప్రపంచ దేశాలు గౌరవించే మర్యాద. కాబట్టి మా ఫ్లాటు ఈ ఓటింగుకు దూరంగా ఉంటోంది. దీన్ని ఎవరికీ వ్యతిరేకంగా తీసుకోవద్దని మనవి.”

వెనక వరసలో ఒకాయన పక్కాయన్ని “ఏమంటాడు?” అని అడిగాడు. “ఎటూ కాదట” అన్నాడు పక్కాయన.

“ఒరేయ్, మీ అమ్మ గదిరా అది! చెయ్యెత్తరా ముందు!” అని నర్సు పిన్ని అరిచింది.

ఆడిటర్ గారి గురించి నాకు మంచి అభిప్రాయం లేదు. అయినా నిజం చెప్పాలి. ఆయన ఆ ఏడు అంకె వెంటనే రాసుకోలేదు. “ఇంకోసారి అడుగుతున్నాను, బాబూ. ఇక్కడ అలాంటి నియమమేం లేదు. ఓటెయ్యొచ్చు” అన్నాడు. బల్ల కావలసిన మనిషికి కూడా మనసొప్పలేదు.

“మా వైఖరి స్పష్టంగా చెప్పాను” అని మావాడు కాగితం మడిచి కూర్చున్నాడు. చెమట కూడా పట్టలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

అమ్మ వాడివైపు చూసింది. కోపంగా కాదు. ఎవరో పిలిచారేమోనని తిరిగి చూసి, ఎవరూ లేరని మళ్ళీ ముందుకు తిరిగినట్టు తిరిగింది. మీటింగు ముగిశాక అందరికంటే ముందు లేచి, గదిలోకి వెళ్ళి చాపలు చుట్టడం మొదలుపెట్టింది. నెలాఖరు దాకా గడువుంది. అయినా చుట్టింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్లమీద వాడి కోటు పట్టుకుని ఆపాను.

“బుద్ధుందా నీకు? ఒక్క చెయ్యి! ఎత్తితే అరిగిపోయేదా?”

“నీకు అర్థం కాదు. రేపు ఈ సంఘంతో మనం కలిసి బతకాలి. రెండువైపులా సంబంధాలు చెడకుండా చూసుకోవాలి” అన్నాడు.

“అమ్మతో చెడితే?”

“అమ్మకి వ్యతిరేకంగా నేను ఓటెయ్యలేదుగా” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో తప్పు చేసినవాడి జంకు ఏ మూలనైనా ఉంటుందేమోనని వెతికాను. లేదు. పరీక్ష బాగా రాసొచ్చినవాడి తృప్తి ఉంది. నాకు వాడి మీద అప్పటిదాకా ఉన్నది చులకన. ఆ క్షణాన అసహ్యం పుట్టింది, ఇంకా పోలేదు.

గది ఖాళీ అయింది. కటకటాల మంచాలు ఎవరికో ఇచ్చేశాం. పిల్లల తల్లులు కొందరు ఏడ్చారు, అందరూ వేరే చోట్లు వెతుక్కున్నారు. అమ్మ ఊరి అవతల ఒక నర్సరీలో ఆయాగా చేరింది. రెండు బస్సులు మారి వెళ్ళాలి. వాళ్ళిచ్చిన నీలం ఏప్రను కట్టుకోవాలి. అక్కడి మేనేజరు నాకంటే చిన్నది. ఏడుస్తున్న పిల్లల్ని వెంటనే ఎత్తుకోవద్దని, అలవాటైపోతుందని అమ్మకు చెప్పిందట. అమ్మ ఆ సంగతి నాకు చెబుతూ తన చేతులకేసి చూసుకుంది. “ఊరుకోవాలంటే ఎలాగో ఉందే” అంది. కింద గదిలో టేబుల్ టెన్నిస్ బల్ల వచ్చింది. ఆడిటర్ గారు నాలుగు రోజులు ఆడి నడుం పట్టేసి మానేశాడు. బల్లమీద ఇప్పుడు ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు.

ఇక్కడితో ఆగితే వాడు మా వాడెందుకవుతాడు? ఒకరోజు ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. మీటింగులో తన అనుభవం విని ప్రొఫెసరు ఎంతో మెచ్చుకున్నాడట, పరిశోధన వ్యాసంలో ఒక అధ్యాయంగా రాయమన్నాడట, దానిమీద సెమినార్ కూడా పెట్టాడట. కుటుంబసభ్యులు రావచ్చట.

“నాకు సెలవు దొరకదు, నువ్వు వెళ్ళవే. మనవాళ్ళెవరూ లేకపోతే వాడు చిన్నబుచ్చుకుంటాడు” అంది అమ్మ.

ఇలాంటి తల్లికి ఇలాంటి కొడుకు ఎలా పుట్టాడో ఏ ల్యాబూ తేల్చలేదు. వెళ్ళాను.

వాళ్ళ డిపార్టుమెంటు మూడో అంతస్తులో పొడుగాటి గది. గోడమీద ప్రపంచపటం ఒక మూల ఊడి, నాలుగైదు దేశాలు నేలకేసి వేలాడుతున్నాయి. ఇంతమంది ప్రపంచాన్ని చక్కబెట్టేవాళ్ళుండి, ఆ మూలకు మేకు కొట్టినవాడు లేడు. ప్రొఫెసరు ముందుమాట మాట్లాడాడు. ఆయన ప్రతి మాటా “ఒకవైపు చూస్తే” అని ఎత్తుకుని “మరోవైపు చూస్తే” అని దింపుతాడు. ఏ వైపూ చూడకుండా ఎంతసేపైనా మాట్లాడగలడు. కుర్రకారంతా తలలు పంకిస్తున్నారు. తల పంకించడం ఆ చదువులో మొదటి పేపరు కాబోలు.

తర్వాత మావాడు తెరమీద బొమ్మలు వేశాడు. పక్షం అ: మధ్యవయసు మహిళ, ప్రయోజనం ఆర్థికం. పక్షం ఆ: నివాసుల సంఘం, ప్రయోజనం వినోదం. తటస్థ పక్షం: పరిశోధకుడు. ఆ తర్వాత గది ఫొటో. కిటికీ తాడుమీద చిన్న చొక్కాలు, వాటి కింద ఎవరినో ఎత్తుకోవడానికి వంగిన అమ్మ వీపు. ఆ ఫొటో ఎప్పుడు తీశాడో మరి. ఎప్పుడూ ఆ గదిలో ఒక పిల్లాడి ముక్కు తుడిచినవాడు కాదు, ఫొటో మాత్రం తీశాడు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. లేచాను.

“ఆ ఫొటోలో వంగి ఉన్నావిడ ఎవరు?”

“పక్షం అ” అన్నాడు, నన్ను గుర్తుపట్టనట్టు.

“నీకేమవుతుంది?”

“ఆ ప్రశ్న ఈ చర్చ పరిధిలోకి రాదు.”

ప్రొఫెసరు కలగజేసుకున్నాడు. “ఒకవైపు చూస్తే ఆ అమ్మాయి ప్రశ్న సహజమే. మరోవైపు చూస్తే, భావోద్వేగాలు విశ్లేషణను పక్కదారి పట్టిస్తాయి” అన్నాడు. అందరూ తలలు పంకించారు. రెండు వైపులూ అయిపోయాక టీ ఇచ్చారు. నేను తాగకుండా వచ్చేశాను.

వాడు నా వెనకాలే ఇల్లు చేరాడు. అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి, ఏప్రను కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని బకెట్లో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుంది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

“అమ్మా, ఇది అందరిముందూ నా పరువు తీసింది. నేనేదో నీకు ద్రోహం చేసినట్టు మాట్లాడింది.”

“ద్రోహం చెయ్యడానికైనా ఏదో ఒకవైపు ఉండాలి. నీకంత దమ్ము లేదు” అన్నాను.

“ఆగవే” అంది అమ్మ.

“లేదమ్మా, ఈ మాట తేలాలి. నువ్వే చెప్పు. ఆ వారమంతా ప్రతి ఇంటికీ వెళ్ళావు. ప్రతివాళ్ళనీ ఓటడిగావు. నన్నడిగావా? ఒక్క మాటంటే ఒక్క మాట? నాకు ఎవరి దగ్గర్నుంచీ ఏ అభ్యర్థనా రాలేదు. అడగనిదానికి నన్నంటే ఎలా?”

వాదన నెగ్గాననే అనుకున్నాడు. కోటు గుండీ విప్పుకుంటూ నావైపు చూశాడు కూడా. నేను నోరు తెరవబోయాను, అమ్మ చెయ్యి అడ్డంపెట్టింది. బకెట్లోంచి ఒక కాలు తీసి, తుడుచుకోకుండానే నేలమీద పెట్టింది.

“అడగలేదురా, నిజమే” అంది. “ఆడిటర్ గారి తలుపు కూడా కొట్టాను. మన తలుపు మాత్రం లోపల్నుంచి తీసుకుని బయటికెళ్ళేదాన్ని కదా. కొట్టాలని తోచలేదు.”